ఉప్పుగాలిలో రీలు కెమెరా

తాతగారి బీరువాలోంచి బయటపడ్డ యాషికా కావచ్చు, మహాత్మా గాంధీ రోడ్డు ఆదివారం సంతలో బేరమాడి కొన్న పాత రష్యన్ జెనిట్ కావచ్చు. పుదుచ్చేరిలో ఫిల్మ్ కెమెరా చేతికొచ్చిన ప్రతివాళ్లూ ముందుగా అడిగేది ఒకటే: దీనికి ఇంకేం సామాను కొనాలి? దుకాణంలో అడిగితే ఇంకో లెన్స్, తోలు సంచి, ఫ్లాష్ అంటారు. ఈ ఊళ్లో ఆ ప్రశ్న దుకాణదారుని కన్నా గాలిని అడగడం మేలు. ఫిల్మ్‌కు ఏది హాని చేస్తుందో తెలిస్తే దేనికి డబ్బు పెట్టాలో దానంతటదే తేలుతుంది. ఆ సామానులో చాలా భాగం మందుల షాపులో, ఇనుప సామాన్ల కొట్లో, వంటింట్లో దొరికేదే.

ఫిల్మ్ అంటే పల్చటి ప్లాస్టిక్ పట్టీ, దాని మీద జెలటిన్ పూత, ఆ పూతలో చెదురుగా ఉన్న వెండి హాలైడ్ స్ఫటికాలు. జెలటిన్ పశువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి తీసే ప్రొటీన్. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, వెచ్చబడితే మెత్తనవుతుంది, తేమ ఉంటే బూజుకు మంచి తిండి అవుతుంది. మన దేశంలో సొంతంగా ఫిల్మ్ తయారు చేయడానికి 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ కర్మాగారం ఊటీలో ఉండటం ఊరికే జరగలేదు. చల్లదనమూ దుమ్ము తక్కువున్న గాలీ అక్కడ ఉన్నాయి. 1967 నుంచి ‘ఇందు’ పేరుతో అక్కడ తయారైన రీళ్లు కొండ దిగి చెన్నైకీ పుదుచ్చేరికీ కాకినాడకీ వచ్చేవి. అక్కడి నుంచి వాటి కష్టాలు మొదలయ్యేవి.

పుదుచ్చేరిలో గాలి తేమ ఏడాదిలో చాలా భాగం 70 శాతం పైనే ఉంటుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలంలో గోడలు కూడా చెమరుస్తాయి. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలోని మన యానాంలోనూ, మచిలీపట్నంలోనూ, విశాఖలోనూ పరిస్థితి దాదాపు ఇంతే. తేమ 65, 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే లెన్స్ గాజు మీద బూజు మొలకెత్తుతుంది. మొదట సాలీడు దారాల్లా కనిపిస్తుంది. అది వదిలే ఆమ్లాలు లెన్స్ పూతను తినేసి గాజు మీదే మచ్చ చేస్తాయి. ఆ తర్వాత ఎంత తుడిచినా పోదు.

దీనికి మందు సిలికా జెల్ అని అందరికీ తెలుసు. ఎంత కావాలన్న లెక్క మాత్రం ఎవరూ వేయరు. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి మోయగల నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు. తేమ 80 శాతం ఉందంటే అందులో 24 గ్రాములున్నట్టు. కెమెరా పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా పది లీటర్లదైతే, అది ఘనమీటరులో నూరో వంతు. దానిలోని గాలిలో ఉన్న నీరు పావు గ్రాము కూడా కాదు. దాన్ని 45 శాతానికి దించాలంటే తీయవలసింది గ్రాములో పదో వంతు. 50 గ్రాముల సిలికా జెల్ ఆ తేమ స్థాయి దగ్గర పది గ్రాముల దాకా నీళ్లు పట్టగలదు. అంటే డబ్బా మూత ఎన్నో పదుల సార్లు తీసి పెట్టినా దానికి లెక్కలేదు.

మరి ఇళ్లలో సిలికా జెల్ నెల తిరగకుండానే ఎందుకు రంగు మారిపోతుంది? ఒక కారణం మూత సరిగ్గా బిగియకపోవడం. రెండోది ఎవరూ అనుమానించనిది: కెమెరాతో వచ్చిన తోలు కేసు. తోలు తన బరువులో పదో వంతుకు మించి నీళ్లు దాచుకుంటుంది. 200 గ్రాముల కేసును డబ్బాలో పెడితే, జెల్ మొత్తం కలిపి పట్టగలిగినదానికన్నా ఎక్కువ నీళ్లు దానితోపాటే లోపలికి వెళ్లినట్టు. బూజుకు తోలు కూడా ఇష్టమే. కాబట్టి కేసు ఎంత అందంగా ఉన్నా బయటే ఉండాలి. అట్టపెట్టెలు, పాత గుడ్డలు కూడా డబ్బాలో వద్దు. వంటింటి డబ్బాల్లో చుట్టూ రబ్బరు రింగు, నాలుగు వైపులా నొక్కుడు పట్టీలు ఉన్నవి తీసుకోండి. వేలల్లో ఖరీదు చేసే విద్యుత్ డ్రై క్యాబినెట్ చేసే పని ఆ డబ్బా, గుప్పెడు జెల్ కలిసి చేస్తాయి.

జెల్ రంగు మారగానే పారేయనక్కర్లేదు. 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే పట్టిన నీరంతా వదిలి మళ్లీ పనిలోకి వస్తుంది. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. నారింజ రంగు రకం అడిగి తీసుకోండి. ఏ రకమైనా వేడి చేసే మూకుడును మళ్లీ వంటకు వాడకండి. జెల్ బదులు బియ్యం పోసేవాళ్లున్నారు. బియ్యంలోనే 12 శాతం దాకా నీరుంటుంది, పైగా పిండి ధూళి రాలుతుంది. దానివల్ల ఒరిగేది లేదు.

డబ్బాలో ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు కూడా ఉండాలి. చవక మీటర్లు పది శాతం దాకా తప్పు చూపవచ్చు. దాన్ని సరిచూసుకునే సాధనం ప్రతి వంటింట్లోనూ ఉంది. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు పోసి, మీటరుతో పాటు జిప్ కవరులో పెట్టి మూసేయండి. ఆరేడు గంటలకు లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర నిలిచిపోతుంది. ఉప్పూ నీళ్లూ కలిసున్నంత సేపు అది మారదు. మీటరు 69 చూపితే ఆరు తక్కువ చూపుతోందని గుర్తుపెట్టుకుంటే చాలు. ప్రయోగశాలల్లో మీటర్లు సరిచూసే పద్ధతుల్లో ఇదీ ఒకటి.

ఆ 75 అంకె సముద్రపొడ్డున ఇంకో సంగతి చెబుతుంది. తేమ 75 దాటితే ఉప్పు గాలిలోని నీటిని పీల్చుకుని కరుగుతుంది. మరక్కాణం ఉప్పు మళ్ల నుంచి వచ్చిన ఉప్పు వానాకాలంలో జాడీలో చెమర్చేది అందుకే. బీచ్ రోడ్డు ప్రొమెనాడ్ రాళ్ల మీద అల విరిగినప్పుడు లేచే తుంపర లెన్స్ మీద పడి, మధ్యాహ్నం ఎండకు స్ఫటికమవుతుంది, రాత్రికి మళ్లీ కరిగి ఉప్పునీటి పొరవుతుంది. స్ఫటికంగా ఉన్నప్పుడు చొక్కా అంచుతో తుడిస్తే గాజు గీసుకుపోతుంది. కరిగి ఉన్నప్పుడు వదిలేస్తే లోహపు రింగులు తుప్పు పడతాయి. ఇక్కడ లెన్స్ ముందు ఒక సాదా యూవీ ఫిల్టర్ తప్పకుండా ఉండాలంటాను. ఆధునిక లెన్స్ గాజు అతినీలలోహిత కిరణాల్ని చాలావరకు తానే ఆపేస్తుంది కాబట్టి ఆ కారణంగా కాదు, ఉప్పు లెన్స్‌కు బదులు దాని మీద పడుతుందని. ఇంటికి రాగానే ఫిల్టర్‌ను విప్పి మంచినీళ్ల కింద కడిగి మెత్తటి గుడ్డతో అద్దితే సరి. మందుల షాపులో చెవి శుభ్రం చేసుకోడానికి అమ్మే రబ్బరు బల్బు దుమ్ము ఊదడానికి బాగా పనికొస్తుంది.

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో మంచుబిందువు 26 డిగ్రీలు. అంతకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు పేరుకుంటుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో రాత్రంతా ఉన్న కెమెరాను సూర్యోదయం కోసం గబగబా బీచ్ రోడ్డుకు తెస్తే లెన్స్ బయటే కాదు, లోపలి గాజులూ ఫిల్మూ కూడా చెమరుస్తాయి. గదిలోనే జిప్ కవరులో పెట్టి గాలి లేకుండా మూసి, బయటికి తెచ్చాక అరగంట ఆగి తీయండి. నీరంతా కవరు పైన పేరుకుంటుంది. ఫ్రిజ్‌లో దాచిన రీలు డబ్బాకూ ఇదే నియమం.

ఇక వెలుగు సంగతి. 1970ల, 80ల జపాన్ కెమెరాల వెనక తలుపు గాడుల్లో నల్ల స్పాంజి పట్టీ ఉంటుంది. వెలుగు లోపలికి కారకుండా ఆపేది అదే. ఆ పాలీయురేథేన్ స్పాంజి తేమకూ వేడికీ ముక్కలై జిగురుగా మారుతుంది, మన తీరంలో మరీ త్వరగా. అప్పుడు ఫోటోల అంచుల్లో నారింజ చారలు వస్తాయి. చాలామంది షట్టర్ పాడైందనుకుని కెమెరాను మూలన పడేస్తారు. పాత జిగురును అగ్గిపుల్లతో, కాస్త స్పిరిట్‌తో తీసేసి సన్నటి గాడుల్లో నల్ల ఉన్ని దారం, తలుపు కీలు పక్కన నల్ల వెల్వెట్ ముక్క అంటిస్తే పని అయిపోతుంది. ఉన్ని స్పాంజిలా కుళ్లదు.

నల్లటి టేపు కూడా ఒక చుట్ట కొనిపెట్టుకోండి. ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ ఆన్రి కార్టియే-బ్రెసాన్ తన లైకా కెమెరా మెరుపు కనబడకుండా నల్ల టేపు చుట్టుకునేవారు. 1950 ఏప్రిల్‌లో ఆయన పుదుచ్చేరి ఆశ్రమానికి వచ్చి శ్రీ అరవిందులను, శ్రీమాతను ఫోటోలు తీశారు. ఎన్నో ఏళ్లుగా ఏకాంతంలో ఉన్న శ్రీ అరవిందులు ఆ డిసెంబర్ 5న దేహం విడిచారు. ఆయన చివరి రోజుల రూపం మనకు మిగిలింది ఆ చిన్న కెమెరా వల్ల. ఫ్లాష్ పేల్చడం కార్టియే-బ్రెసాన్‌కు గిట్టేది కాదు. గదిలో ఎంత వెలుగుంటే అంతతోనే పని.

ఎంత వెలుగుందో తెలుసుకోవడానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు, ఫోనులో ఉచితంగా దొరికే యాప్ చాలు. నిండు ఎండలో అదీ వద్దు: ఎపర్చర్ ఎఫ్ 16 దగ్గర పెట్టి, షట్టర్ వేగం ఫిల్మ్ ఐఎస్ఓ అంకెకు తగ్గట్టు ఉంచండి. ఐఎస్ఓ 100 అయితే 1/125 సెకను. కానీ ఈ ఊరి గోడలతో జాగ్రత్త. ఏ మీటరైనా ఎదురుగా ఉన్నది తన మీద పడ్డ వెలుగులో 18 శాతం తిప్పికొట్టే బూడిద రంగు వస్తువనే అనుకుంటుంది. సున్నం కొట్టిన తెల్లగోడను చూపిస్తే దాన్నీ బూడిద చేయబోయి మొత్తం ఫోటోను నల్లబరుస్తుంది. అలాంటిచోట అదే ఎండలో మీ అరచేయి చాపి దాన్ని కొలిచి, ఒక స్టాప్ వెలుగు ఎక్కువివ్వండి, అంటే రెట్టింపు. ఒంటి రంగు ఏదైనా అరచేతుల్లో తేడా తక్కువ.

బ్లాక్ అండ్ వైట్ తీసేవాళ్లు ఈ ఊళ్లో కొనవలసిన మొదటి ఫిల్టర్ పసుపుది. ఎందుకో చెప్పడం నాకెంతో ఇష్టం. వెండి హాలైడ్ స్వతహాగా నీలాన్నీ అతినీలలోహితాన్నీ మాత్రమే గుర్తిస్తుంది. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్, రంగు అద్దకాలు కలిపితే అది ఆకుపచ్చను కూడా చూడగలదని కనిపెట్టాడు. ఆ దారిలోనే తర్వాత ఎరుపునూ చూడగల ఫిల్మ్ వచ్చింది. అయినా నీలం మీద ఆ పాత మక్కువ పూర్తిగా పోలేదు. మన కంటి తీరు వేరు, దానికి అన్నిటికన్నా ప్రకాశంగా తోచేది ఆకుపచ్చ, పసుపుల మధ్య రంగు. పాత ఫ్రెంచి వాడ అయిన వైట్ టౌన్‌లో ఆవపిండి పసుపు గోడ వెనక నీలాకాశం కంటికి ఎలా ఉంటుంది? గోడ వెలుగుతూ, ఆకాశం దాని వెనక లోతుగా. ఫిల్మ్‌లో తారుమారు. ఆకాశం తెల్లగా పాలిపోతుంది, గోడ మసకబారుతుంది. పసుపు గోడ నీలాన్ని మింగి మిగతా రంగుల్ని తిప్పి పంపుతుంది. పసుపు ఫిల్టరూ సరిగ్గా అదే పని చేస్తుంది: నీలాన్ని ఆపి గోడ వెలుగును దాదాపు మొత్తం వదిలేస్తుంది. ఆకాశం ఒక మెట్టు దిగుతుంది, గోడ కళ్లతో చూసినంత వెలుగుతో నిలుస్తుంది.

దీనికి మూల్యం ఒక స్టాప్ వెలుగు. నారింజ ఫిల్టర్‌కు రెండు, ఎరుపుకు మూడు. కెమెరాలోని మీటరు లెన్స్ గుండా చూసేదైతే ఆ లెక్క అదే చూసుకుంటుంది, ఫోను యాప్ వాడితే మనమే కలుపుకోవాలి. గోడల మీదికి పాకిన కాగితం పూల తీగకు నారింజ ఫిల్టర్ ఇంకా బాగుంటుంది. ఆ పువ్వు రంగులో ఎరుపూ నీలమూ ఉన్నాయి, ఆకులో ఆకుపచ్చ. ఫిల్టర్ లేకుండా తీస్తే రెండూ ఒకే బూడిదలో కలిసిపోయి తీగ అంతా ఒక ముద్దగా కనిపిస్తుంది. నారింజ వేస్తే పువ్వు తేలి, ఆకు నల్లబడుతుంది. సముద్రం వైపు తిరిగితే మాత్రం ఏ ఫిల్టరూ ఆకాశాన్ని పెద్దగా మార్చలేదు. అంచున ఉండేది తేమ వల్ల తెల్లబడ్డ పొగమంచు, అందులో ఆపడానికి నీలమే తక్కువ. ఉదయం సూర్యుణ్ణి వెనక పెట్టుకుని పడమటికి తిరిగితే ఫలితం కళ్లకు కడుతుంది. కంపెనీ ఫిల్టర్ దొరక్కపోతే నాటకాల లైట్ల ముందు కట్టే జిలటిన్ కాగితం ముక్కను ముడతల్లేకుండా లెన్స్ ముందు పట్టుకున్నా ఈ తేడా తెలుస్తుంది.

సాయంత్రం ప్రొమెనాడ్ మీద వాహనాలు ఆపేశాక, 1836 నాటి పాత దీపస్తంభం దగ్గర నిదానంగా ఫోటో తీయాలనుకుంటే కెమెరా కదలకూడదు. కెమెరా అడుగున ఉండే మర పావు అంగుళం బోల్టుది, అంగుళానికి 20 చుట్లు. ఇనుప సామాన్ల కొట్లో ఆ కొలత చెప్పి పొట్టి బోల్టు తీసుకుని, దానికి మీ ఎత్తున నవారు తాడు కట్టండి. రెండో కొసను కాలితో తొక్కి కెమెరాను పైకి లాగి పట్టుకుంటే వణుకు చాలా తగ్గుతుంది. 6 మిల్లీమీటర్ల బోల్టు ఇస్తే వద్దనండి, దగ్గరగానే ఉంటుంది కానీ మర అరగ్గొడుతుంది. సెకన్ల కొద్దీ తెరిచి ఉంచే ఫోటోలకు ఏదైనా గోడ ఆసరా, షట్టర్‌కు బిగించే కేబుల్ రిలీజ్ కావాలి. మసక వెలుగులో ఫిల్మ్ బద్ధకిస్తుందని కూడా గుర్తుంచుకోవాలి. స్ఫటికంలో కొన్ని వెండి పరమాణువులు ఒకచోట చేరితేనే బొమ్మ నిలుస్తుంది. వెలుగు రేణువులు మరీ ఆలస్యంగా వస్తే మొదటి పరమాణువు రెండోది వచ్చేలోగా చెదిరిపోతుంది. ఇల్‌ఫర్డ్ కంపెనీ ఇచ్చిన సూత్రం ప్రకారం హెచ్‌పీ5 ఫిల్మ్‌కు మీటరు 10 సెకన్లు అంటే 20 ఇవ్వాలి.

రీలు ఇంట్లోనే కడుక్కునేవాళ్లకు ఈ ఊళ్లో అన్నిటికన్నా విలువైన సామాను మంచుగడ్డ. డెవలపర్ (బొమ్మను తేల్చే మందు) లెక్కలన్నీ 20 డిగ్రీలకు రాసినవి. ఒక్కో డిగ్రీ పెరిగినకొద్దీ సమయం పది శాతం దాకా తగ్గించాలి. ఏడున్నర నిమిషాల పని 24 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలకు దిగుతుంది, 30 దగ్గర మూడు నిమిషాలు కూడా ఉండదు. అంత తక్కువ సమయంలో మందు అంతటా సమంగా పనిచేయదు, మెత్తబడ్డ జెలటిన్ వేలు తగిలితే లేచిపోతుంది. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పూర్వం ఉష్ణదేశాల కోసం సోడియం సల్ఫేట్ కలిపిన ప్రత్యేక డెవలపర్లు ఉండేవి, జెలటిన్ ఉబ్బకుండా ఆపడానికి.

మంచు లెక్క సులువు. లీటరు నీళ్లను 30 నుంచి 20కి దించాలంటే 10,000 క్యాలరీలు లాగాలి. ఒక గ్రాము మంచు కరగడానికి 80, కరిగిన నీరు 20 డిగ్రీలకు చేరడానికి 20, మొత్తం నూరు క్యాలరీలు తీసుకుంటుంది. అంటే లీటరుకు 100 గ్రాములు. ఐదు లీటర్ల టబ్బుకు అర కిలో మంచు వేసి, అందులో డెవలపర్, హైపో (వెలుగు తగలని వెండి హాలైడ్‌ను కరిగించే మందు) సీసాలు, కడిగే నీళ్లు అన్నీ నిలబెట్టండి. డెవలపర్‌లో నేరుగా మంచు వేస్తే పలచబడుతుంది. అన్నిటి వేడీ ఒకేలా ఉండటం ముఖ్యం, చల్లటి మందులోంచి వేడి నీళ్లలోకి పోతే జెలటిన్ ఒక్కసారిగా ముడుచుకుని వల అల్లినట్టు పగుళ్లిస్తుంది. థర్మామీటరుగా చేపల తొట్టెకు అమ్మే గాజు గొట్టం చాలు. జ్వరం చూసేది 35 దగ్గర మొదలవుతుంది కాబట్టి పనికిరాదు.

డెవలపర్ దొరకని రోజున కాఫీ ఉంది. 1995లో అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో స్కాట్ విలియమ్స్ తరగతి ఇన్‌స్టంట్ కాఫీతో ఫిల్మ్ కడిగి చూపించింది. కాఫీలోని కెఫీక్ ఆమ్లం వెండి హాలైడ్‌ను వెండిగా మారుస్తుంది, అది క్షారంలోనే పనిచేస్తుంది. అందుకని చాకలి సోడా, వేగం పెంచడానికి విటమిన్ సి. బాగా వాడుకలో ఉన్న పాళ్లు: లీటరుకు తేమలేని చాకలి సోడా 54 గ్రాములు, విటమిన్ సి 16, కాఫీ 40, 20 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. కాఫీ చవక రకమే మేలు, రోబస్టా గింజల్లో ఈ ఆమ్లాలు ఎక్కువ. చికోరీ కలిపింది వద్దు. చాకలి సోడా దొరక్కపోతే వంట సోడాను మూకుట్లో బాగా వేయిస్తే నీరూ కార్బన్ డయాక్సైడూ పోయి అదే మిగులుతుంది. వాసన మాత్రం భరించాలి, కిటికీలు తెరిచి పెట్టండి. కాఫీతో తప్పేది డెవలపర్ ఒక్కటే, హైపో ఎలాగూ కావాలి.

కడిగిన నెగటివ్‌లను ఎలా దాచాలన్నది ఈ ఊరికి బాగా తెలిసిన విద్య. సెయింట్ లూయీ వీధిలో 1955లో మొదలైన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్‌లో దక్షిణాది గుళ్ల, శిల్పాల బ్లాక్ అండ్ వైట్ ఫోటోలు లక్షకు పైగా ఉన్నాయి. తర్వాతి కాలంలో అక్కడి పరిశోధకురాలు జోయె హెడ్లీ, బ్రిటిష్ లైబ్రరీ సాయంతో తమిళనాడు పాత స్టూడియోల గాజు పలకలనూ నెగటివ్‌లనూ వెతికి డిజిటల్ చేసే పని నడిపారు. అసిటేట్ ఫిల్మ్ వేడికీ తేమకూ విడిపోయి అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పక్కనున్న నెగటివ్‌లను కూడా పాడు చేస్తుంది. మీ ఇంటి పాత నెగటివ్ డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే, ఆ రీళ్లను వెంటనే మిగతావాటికి దూరంగా పెట్టి, ముందుగా వాటినే స్కాన్ చేయించండి. దాచడానికి పీవీసీ కవర్లు కాదు, ఆమ్లం లేని కాగితపు కవర్లు మంచివి.

మిగిలేది వాడిన హైపో. ఫిల్మ్‌లోంచి కరిగిన వెండి అందులోనే ఉంటుంది. కాలువలో పోస్తే అది చేరేది నీటిలోని ప్రాణుల దగ్గరికే, వాటికి కరిగిన వెండి విషం. ఒక ప్లాస్టిక్ సీసాలో పోసి, గిన్నెలు తోమే ఇనుప పీచు ఒక గుప్పెడు అందులో వేయండి. స్టీలు పీచు కాదు, తుప్పు పట్టే ఇనుపదే కావాలి. ఇనుము కరిగి ద్రావణంలోకి పోతుంది, దాని చోటులో వెండి నల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. రెండు మూడు రోజులాగి పైన తేటను వంచేసి మడ్డిని ఆరబెట్టి దాచుకోండి. పూర్వం స్టూడియోల నుంచి, ఎక్స్‌రే ల్యాబుల నుంచి ఈ వెండి కోసమే వాడిన హైపో కొనుక్కుపోయేవారు. ఎక్స్‌రే ఫిల్మ్ ఇంకా కడిగే చోట అడిగితే మీ మడ్డినీ తీసుకోవచ్చు.